భద్రాచలం సీటు: పదకొండు ఎన్నికల చరిత్ర

సావనీర్ కమిటీ మిత్రులు ఫోన్ చేసి బడి జ్ఞాపకాలు రాయమన్నారు. మాస్టార్ల బెత్తాలూ, లాలాపేట సందుల్లో క్రికెట్టూ నాకంటే బాగా రాసేవాళ్లు మన బ్యాచుల్లో చాలామంది ఉన్నారు. ముప్పై ఏళ్లు రాజనీతి శాస్త్రం పాఠం చెప్పినవాణ్ని, అందులో కొన్నేళ్లు భద్రాచలంలో గడిపినవాణ్ని. నాకు దగ్గరగా తెలిసిన సంగతి ఒకటి రాస్తానంటే సరేనన్నారు. మన బడి వయసు యాభై ఏళ్లు. ఈ సీటు కథ కూడా ఇంచుమించు అంతే కాలంలో నడిచింది.

చిన్నప్పుడు మనకు ఎన్నికలంటే బడికి సెలవు. బెంచీలు గోడవారకు జరిపి, గుమ్మం మీద పోలింగ్ స్టేషన్ నంబరు కాగితం అంటించేవాళ్లు. మర్నాడు బడికి వస్తే నల్లబల్ల మీద పోలింగ్ సిబ్బంది వేసుకున్న లెక్కలు అలాగే ఉండేవి. మన సికింద్రాబాద్ నియోజకవర్గం జనరల్ సీటు. రిజర్వుడు అనే మాట లాలాగూడ రైల్వే వర్క్‌షాపు కుటుంబాల పిల్లలకు టికెట్ల సంగతిగానే తెలుసు. ఒక ఊరు జనమంతా ఓటేసి, నిలబడే హక్కు మాత్రం కొన్ని తెగల వాళ్లకే ఉండే సీట్లు ఉంటాయని నాకు తెలిసింది యూనివర్సిటీకి వెళ్లాకే.

మన తార్నాక నుంచి భద్రాచలం 300 కిలోమీటర్లకు పైనే. కానీ ఆ కొండల జనం గురించి వివరంగా రాసిన తొలి పుస్తకాల్లో ఒకటి, తర్వాత మన పక్క క్యాంపస్‌లోనే పాఠం చెప్పిన మనిషిది. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఆస్ట్రియా దేశస్థుడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిషువాళ్ల లెక్కలో శత్రుదేశం మనిషి. అయినా నిజాం రాజ్యంలోని గూడేల్లో తిరిగి పని చేసుకోనిచ్చారు. పాపికొండల్లోని కొండరెడ్ల మీద ఆయన రాసిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ 1945లో వచ్చింది. తర్వాత నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా, ఉస్మానియాలో ఆచార్యుడిగా ఉన్నారు. ఆ రోజుల్లో గోదావరికి ఈ ఒడ్డు పాల్వంచ వైపు నిజాం రాజ్యం, ఆ ఒడ్డు భద్రాచలం వైపు మద్రాసు ప్రెసిడెన్సీ. కొండరెడ్లు మాత్రం రెండు వైపులా ఉన్నారు. కోయలూ అంతే. గీత ఎవరో గీశారు, కింద మనుషులు ఉన్నచోటే ఉన్నారు. ఈ వ్యాసంలో ఇది మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

1860లో నిజాం ఈ ప్రాంతాన్ని బ్రిటిషువాళ్లకు ఇచ్చాడు. కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంచి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలో కలిపారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో భద్రాచలం డివిజన్‌ను తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మార్చారు. ఆ తర్వాత 1960ల మధ్యలో గోదావరి మీద వంతెన వచ్చి కొత్తగూడెం వైపు దారి కలిసింది. అంటే నూరేళ్లలో రాజధాని నాగపూర్, మద్రాసు, కర్నూలు, హైదరాబాద్‌గా మారింది. కొండలూ గూడేలూ అక్కడే ఉన్నాయి.

ఓటు సంగతి చూస్తే అది ఇంకా ఆలస్యంగా వచ్చింది. 1935 చట్టం ఈ ఏజెన్సీని పాక్షికంగా మినహాయించిన ప్రాంతమన్నది. శాసనసభ చేసిన చట్టం ఇక్కడ అమలు కావాలంటే గవర్నరు ఒప్పుకోవాలి. 1937 ఎన్నికల నాటి మద్రాసు శాసనసభలో 215 స్థానాలుంటే, వెనుకబడిన ప్రాంతాలకూ తెగలకూ కలిపి ఇచ్చింది ఒకే ఒక్కటి. ఓటు కూడా ఆస్తీ చదువూ ఉన్నవాళ్లకే. రాజ్యాంగం వచ్చాకే, 332వ అధికరణం కింద, రాష్ట్ర జనాభాలో తెగల వాటాను బట్టి శాసనసభలో సీట్లు కేటాయించడం మొదలైంది.

మొదటి రెండు సాధారణ ఎన్నికల్లో ఒక చమత్కారం ఉండేది. ఒక్కో నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులు, అందులో ఒక సీటు రిజర్వుడు. ఆ పద్ధతి ఎందుకు పోయిందో మన తెలుగు నేల మీది కేసుతోనే క్లాసులో చెప్పేవాణ్ని. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానం అలాంటి జంట సీటు. అక్కడ వి.వి.గిరి గారు పోటీ చేశారు. తెగల అభ్యర్థులు ఇద్దరికి ఎక్కువ ఓట్లొచ్చాయి. ఒకరిని రిజర్వుడు సీటుకూ, రెండో ఆయన దిప్పల సూరిదొరను జనరల్ సీటుకూ గెలిచినట్టు ప్రకటించారు. గిరి గారు కోర్టుకెళ్లారు. తెగ మనిషికి జనరల్ సీటు ఎలా ఇస్తారన్నది వాదన. 1959లో సుప్రీంకోర్టు సూరిదొర వైపే తీర్పిచ్చింది. ఎక్కువ ఓట్లొచ్చిన మనిషి గెలిచినట్టే, తెగ వాడైనంత మాత్రాన జనరల్ సీటు హక్కు పోదన్నది. ఆ తర్వాత రెండేళ్లకే, 1961లో, పార్లమెంటు జంట సీట్ల పద్ధతిని రద్దు చేసింది. కోర్టులో ఓడిన గిరి గారు పదేళ్లకు రాష్ట్రపతి అయ్యారు. సూరిదొర పేరు చెబితే మా విద్యార్థుల్లో ఎవరికీ తెలిసేది కాదు.

న్యూజిలాండ్‌లో 1867 నుంచి మావోరీలకు వేరే సీట్లున్నాయి. అక్కడ ఆ సీట్లకు ఓటేసేది కూడా మావోరీ ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లే. మన దగ్గర అలా కాదు. అభ్యర్థి తెగ వాడై ఉండాలి, ఓటు మాత్రం అందరిదీ. భద్రాచలం పట్నంలో కొట్టు పెట్టుకున్నవాడు, గుడి దగ్గర సత్రం నడిపేవాడు, మైదానం నుంచి వచ్చి ఏజెన్సీలో స్థిరపడినవాడు, అందరూ ఈ సీటులో ఓటర్లే. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలనూ, వాటిని గట్టిపరచిన 1970 నాటి ఒకటో నంబరు సవరణనూ (జనం నోట వన్ ఆఫ్ సెవంటీ) ఏజెన్సీలో కోయవాడు ఒకలా చూస్తాడు, గిరిజనేతరుడు ఒకలా చూస్తాడు. ఇక్కడ నిలబడే ప్రతి అభ్యర్థీ ఈ రెండు వైపులా నచ్చజెప్పుకోవాల్సిందే. ఎస్టీ సీటు కదా, తెగల మాటే చెల్లుతుంది అని నగరంలో అనుకునేవాళ్లు ఒక్క పోలింగ్ రోజు అక్కడ గడిపితే ఆ మాట మళ్లీ అనరు.

1970ల్లో జరిగిన పునర్విభజనతో ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ శాసనసభ స్థానాలు 15 అయ్యాయి. అప్పటి నుంచి భద్రాచలానికి జరిగినవి 11 ఎన్నికలు: 1978, 1983, 1985, 1989, 1994, 1999, 2004, 2009, 2014, 2018, 2023. గెలిచింది ఆరుగురు మనుషులు. పదకొండింట్లో ఎనిమిది సార్లు సీపీఎం.

1978, 1983లలో ముర్ల ఎర్రయ్యరెడ్డి. ఎస్టీ సీటులో రెడ్డి ఏమిటని హైదరాబాద్ మిత్రులు నన్ను అడిగినప్పుడల్లా కొండరెడ్ల గురించి చెప్పాల్సి వచ్చేది. మైదానపు రెడ్లతో వాళ్లకు పేరు తప్ప పొత్తు లేదు. కొండ పోడు, వెదురు, అడవి సరుకు మీద బతికే తెగ. ప్రభుత్వ లెక్కల్లో బాగా వెనుకబడిన ఆదిమ తెగల జాబితాలో ఉన్నవాళ్లు.

1985, 1989, 1994లలో కుంజా బొజ్జి. ఆయనది వి.ఆర్.పురం మండలం అడవి వెంకన్నగూడెం. సైకిల్ మీద తిరిగే ఎమ్మెల్యేగా పేరు. సీపీఎం సభ్యులు జీతం పార్టీకి కట్టి, పార్టీ ఇచ్చే అలవెన్సు మీద బతకాలన్నది ఆ పార్టీ నియమం. అది బొజ్జి గారికి ప్రత్యేకంగా కష్టమనిపించినట్టు లేదు, అంతకు ముందు కూడా అలాగే బతికారు కాబట్టి. 2021 ఏప్రిల్‌లో తొంభై దాటిన వయసులో పోయారు. పక్కనే ఇల్లెందు సీటు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య కూడా ఇదే కోవ మనిషి, పార్టీ వేరు. నగరంలో ఇలాంటివాళ్లను వింతగా చెప్పుకుంటారు. ఆ ప్రాంతంలో అది వింత కాదు. తునికాకు కట్టకు రేటు పెంచమని, పోడు భూమికి పట్టా ఇవ్వమని అడిగే మనిషి కారులో వస్తే గూడెంలో కూర్చోబెట్టి మాట్లాడరు.

1999, 2004లలో సున్నం రాజయ్య. ఈయనదీ వి.ఆర్.పురం మండలమే, సున్నంవారిగూడెం. 1999లో రాష్ట్రమంతటా సీపీఎం గెలిచింది రెండే సీట్లు, అందులో ఇదొకటి. ఆ రెండో సీటు నకిరేకల్.

ఈ పదకొండు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకొకటి కనబడింది. గెలిచిన సభ్యుడి పార్టీయే హైదరాబాద్‌లో ప్రభుత్వం నడిపింది ఎన్నిసార్లని లెక్క వేశాను. ఒక్కసారే. 2009లో గెలిచిన కుంజా సత్యవతి కాంగ్రెస్, ప్రభుత్వమూ కాంగ్రెస్. మిగతా పదిసార్లూ ప్రతిపక్షం, కాకపోతే ప్రభుత్వం బయట నిలబడ్డ మిత్రపక్షం. 2014లో టీఆర్ఎస్ వస్తే ఇక్కడ సీపీఎం. 2018లో మళ్లీ టీఆర్ఎస్ వస్తే ఇక్కడ కాంగ్రెస్ మనిషి పొదెం వీరయ్య. 2023లో కాంగ్రెస్ వస్తే ఇక్కడ బీఆర్ఎస్ మనిషి డాక్టర్ తెల్లం వెంకట్రావు. ఆ ఏడాది పాత ఖమ్మం జిల్లా పది సీట్లలో బీఆర్ఎస్‌కు దక్కింది ఇదొక్కటే. 2024 ఏప్రిల్‌లో ఆయన కాంగ్రెస్‌లో చేరారు. అధికార పార్టీలో ఉంటే పనులవుతాయని మన వైపు ఎమ్మెల్యేలు పార్టీ మారినప్పుడల్లా చెప్పే మాట ఉంది కదా. ఆ మాట ప్రకారం భద్రాచలం ఓటర్లకు నలభై అయిదేళ్లుగా పని చేయించుకోవడం చేతకాలేదనాలి. నా ఉద్దేశం వేరు. గూడెం ఓటరు ఎమ్మెల్యేను రోడ్డు తెచ్చే కాంట్రాక్టరులా చూడలేదు. ఫారెస్టు వాళ్లు వచ్చినప్పుడు పక్కన నిలబడతాడా లేదా అన్నదే చూశాడు. దానికి ప్రభుత్వంలో ఉండనక్కరలేదు. కొన్నిసార్లు ఉండకపోవడమే మేలు.

కుంజా సత్యవతి గురించి ఒక మాట. ఈ పదకొండు ఎన్నికల్లో గెలిచిన ఒకే ఒక్క మహిళ ఆమె. ఆమె ఓడించింది రాజయ్యనే. తర్వాత బీజేపీలోకి వెళ్లారు. 2023 అక్టోబరులో, ఎన్నికల హడావుడి మధ్యలోనే, గుండెపోటుతో చనిపోయారు.

ఆమె గెలిచిన 2009 ఎన్నిక కొత్త పునర్విభజన తర్వాత మొదటిది. ఎస్టీ సీట్లు ఉమ్మడి రాష్ట్రంలో 15 నుంచి 19కి పెరిగాయి. పాత ఖమ్మం జిల్లాలోనే పదింట్లో ఐదు ఎస్టీ సీట్లయ్యాయి. కానీ 1967 నుంచి ఉన్న భద్రాచలం లోక్‌సభ స్థానం ఆ దెబ్బతోనే పోయింది. ఆ పేరు మీద రాధాబాయి ఆనందరావు, సోడె రామయ్య, కమలకుమారి, దుంప మేరీ విజయకుమారి, మిడియం బాబూరావు పార్లమెంటుకు వెళ్లారు. ఇప్పుడు భద్రాచలం ఓటరు మహబూబాబాద్ ఎంపీకి ఓటేస్తాడు. అది కూడా ఎస్టీ స్థానమే. అయితే 1970ల చివర తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చాక, మైదానం వైపు ఎస్టీ సీట్లలో వాళ్ల సంఖ్య, చదువు ముందుకొచ్చాయి. కోయలకూ లంబాడీలకూ మధ్య ఈ విషయంలో ఉన్న తగవు చిన్నది కాదు. అది వేరే వ్యాసం, ఇక్కడ వదిలేస్తున్నాను.

ఇక 2014. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ ఏడాదే.

అప్పటికి భద్రాచలం సీటులో ఎనిమిది మండలాలు: భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు, చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం. తెలంగాణ సీట్లకు పోలింగ్ ఏప్రిల్ 30న జరిగింది. ఎనిమిది మండలాల వాళ్లూ బూతులకు వెళ్లి తెలంగాణ తొలి శాసనసభకు సభ్యుణ్ని ఎన్నుకున్నారు. మే 16న లెక్కింపు. సున్నం రాజయ్య మూడోసారి గెలిచారు. రెండు వేల ఓట్లు కూడా లేని తేడా. తెలంగాణ శాసనసభలో సీపీఎంకు ఆయనొక్కరే. సరిగ్గా పదమూడు రోజులకు, మే 29న, పోలవరం ప్రాజెక్టు ముంపు కోసమని కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు మొత్తంగా, పట్నం తప్ప భద్రాచలం మండలం మిగతా ఊళ్లు, గోదావరికి ఇవతల కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. జూన్ 2న రెండు రాష్ట్రాలు ఏర్పడ్డాయి. జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది.

ముంపు గ్రామాలు ప్రాజెక్టు కట్టే రాష్ట్రంలో ఉండాలన్న వాదనలో తర్కం లేదని నేననను. పునరావాసం ఖర్చు పెట్టేది, అనుమతులు తెచ్చేది ఒకే ప్రభుత్వమైతే సులువే. కానీ ఓటు వేయించుకున్నాక, నెల తిరగకుండా, ఓటర్లను సభ నుంచి విడదీశారు. ముందే మార్చి ఉంటే వాళ్లు మే 7న ఆంధ్ర వైపు ఓటేసేవాళ్లు. తర్వాత మార్చాలనుకుంటే ఓటు హక్కు సంగతి అప్పుడే తేల్చాలి. రెండూ జరగలేదు.

ఆ మరుసటి ఏడాది క్లాసులో శాసనసభ పాఠం చెబుతుంటే కూనవరం వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక అబ్బాయి లేచాడు. “సార్, మా ఎమ్మెల్యే హైదరాబాద్‌లో కూసుంటాడు. మా కలెక్టరు కాకినాడలో కూసుంటాడు. మేం కాయితం ఎవరికియ్యాలి?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. అతను నవ్వలేదు. పాఠ్యపుస్తకంలో దానికి జవాబు లేదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 మంది ఉన్నారు, అందులో ఒక్కరు కూడా అతని ఊరివాళ్లు ఓటేసినవాళ్లు కారు. తెలంగాణ శాసనసభలో వాళ్లు ఓటేసిన ఒక్కడు ఉన్నాడు. ఆయనకు ఆ ఊరి మీద, తన సొంత ఊరి మీద కూడా, అధికారులను అడిగే అధికారం లేదు. ఎందుకంటే రాజయ్య గారి సున్నంవారిగూడెం కూడా ఆంధ్రలోకే వెళ్లింది. తెలంగాణ ఎమ్మెల్యే, ఇల్లు ఆంధ్రాలో.

నాలుగేళ్లకు పైగా ఇలాగే నడిచింది. రాజయ్య హైదరాబాద్‌కు బస్సులో వచ్చేవారు. ఆటోలో సచివాలయానికి వెళితే, ఎమ్మెల్యే అని గుర్తుపట్టక గేటు దగ్గర భద్రతా సిబ్బంది ఆపేశారన్న వార్త పత్రికల్లో వచ్చింది. మన మిత్రులు చాలామంది ఆ వార్త చదివి సింప్లిసిటీ గురించి వాట్సాప్‌లో పంపుకున్నారు. నాకు మాత్రం వేరే సంగతి తట్టింది. ఆ గేటు లోపలికి వెళ్లినా, వి.ఆర్.పురం గురించి ఇవ్వడానికి అక్కడ తీసుకునేవాళ్లు లేరు.

2018లో తెలంగాణ ఎన్నికలకు ముందు ఆ మండలాలను ఆంధ్ర సీట్లలో చేరుస్తూ ఉత్తర్వులొచ్చాయి. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, భద్రాచలం మండలం నుంచి విడిపోయిన ఊళ్లతో ఏర్పడిన ఎటపాక, ఇవన్నీ రంపచోడవరం ఎస్టీ స్థానానికి పోయాయి. ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం శాసనసభ ఎస్టీ సీటుకు నిలబడేవాడు ఆ రాష్ట్రపు తెగ వాడై ఉండాలి, ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలి. 2018లో భద్రాచలంలో సీపీఎం తరఫున మాజీ ఎంపీ మిడియం బాబూరావు నిలబడ్డారు, రాజయ్య బరిలో లేరు. 2019లో రాజయ్య రంపచోడవరంలో పోటీ చేశారు. తన ఊరు ఉన్న సీటే, కానీ సగానికి పైగా ఓటర్లు గోదావరి కొండలకు అవతల, ఆయన్ని ఎన్నడూ చూడనివాళ్లు. వైసీపీ అభ్యర్థి నాగులపల్లి ధనలక్ష్మి గెలిచారు. 2020 ఆగస్టులో రాజయ్య కరోనాతో చనిపోయారు. పదకొండు ఎన్నికల్లో ఆరింటికి ఎమ్మెల్యేను ఇచ్చిన వి.ఆర్.పురం మండలం ఇప్పుడు ఆ సీటులోనే లేదు.

మిగిలిన భద్రాచలం సీటు ఐదు మండలాలది. అందులో వాజేడు, వెంకటాపురం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్నాయి. అంటే ఉన్న ఐదూ మళ్లీ రెండు జిల్లాలు. 2023లో దాదాపు లక్షన్నర ఓటర్లతో తెలంగాణలోనే అతి చిన్న నియోజకవర్గం. మావోయిస్టు ప్రభావిత ప్రాంతమని పోలింగ్ సాయంత్రం నాలుగింటికే ముగించేవాళ్లు. పట్నం మాత్రం అంతే ఉంది, చుట్టూ ఉన్న గూడేలు తగ్గాయి. కాబట్టి పట్నపు ఓటుకు బరువు పెరిగింది. 2014 తర్వాత సీపీఎం ఇక్కడ గెలవకపోవడానికి కారణాలు వెతికేవాళ్లు పార్టీ తప్పులు చాలా చెబుతారు. అవి ఉండొచ్చు. గెలిపించే గూడేలే సీటు బయటికి వెళ్లాయన్నది మాత్రం మ్యాపు చూస్తే తెలుస్తుంది.

2018లో గెలిచిన పొదెం వీరయ్య అంతకు ముందు ములుగులో రెండుసార్లు ఎమ్మెల్యే. ములుగు టికెట్టు సీతక్కకు ఇవ్వడంతో కాంగ్రెస్ ఆయన్ని గోదావరి దాటించింది. సీతక్క పేరు వచ్చింది కాబట్టి మన క్యాంపస్ సంగతి ఇంకొకటి. ఆమెకు 2022లో ఉస్మానియాలో పీహెచ్‌డీ వచ్చింది. విషయం వరంగల్, ఖమ్మం జిల్లాల్లోని గొత్తికోయలు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక అక్కడి నుంచి పారిపోయి వచ్చి చర్ల, చింతూరు, ములుగు అడవుల్లో తలదాచుకున్నవాళ్లు వీళ్లు. ఛత్తీస్‌గఢ్‌లో వాళ్లు ఎస్టీలు. గీత దాటి ఇటు వస్తే ఆ గుర్తింపు రాదు, ఎందుకంటే ఎస్టీ జాబితా రాష్ట్రానికో రకం. పోడు పట్టా లేదు, కులం సర్టిఫికెట్ లేదు. హైమెన్‌డార్ఫ్ నుంచి సీతక్క దాకా, గోదావరి కొండల సంగతి ఆర్ట్స్ కాలేజీ చుట్టుపక్కల తిరుగుతూనే ఉంది.

ఆంధ్ర వైపు వెళ్లిన ఊళ్ల కథ ఆగలేదు. 2022లో వాటిని పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేర్చారు. భద్రాచలం ఆసుపత్రి, సంత ఇప్పటికీ వాళ్లకు దగ్గర. అప్పట్లో ఆ జిల్లా కేంద్రం ఘాట్ రోడ్ల మీద రోజంతా ప్రయాణంగా ఉండేది. అదే ఏడాది జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. శబరి కలిసే కూనవరం, వి.ఆర్.పురం మునిగాయి. ఎటపాక, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల పంచాయతీలను తిరిగి తెలంగాణలో కలపాలన్న మాట మళ్లీ లేచింది. కలపలేదు. 2024లో రంపచోడవరం నుంచి మిరియాల శిరీషాదేవి గెలిచారు, అంతకు ముందు అంగన్‌వాడీ కార్యకర్త. ఈ సీట్లలో ఇప్పటికీ ఇలాంటివాళ్లు సభకు రాగలుగుతున్నారన్నది నాకు ఆశ కలిగించే సంగతి.

పోలవరం పూర్తి మట్టానికి నింపితే 370కి పైగా ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. అందులో పెద్ద భాగం కోయలూ కొండరెడ్లూ. కొందరు ఇప్పటికే పునరావాస కాలనీలకు వెళ్లారు. షెడ్యూల్డు ప్రాంతం దాటి మైదానంలో కాలనీ వస్తే వన్ ఆఫ్ సెవంటీ రక్షణ ఉండదు, కొత్త ఊళ్లో వాళ్లు చిన్న సంఖ్య అవుతారు. రెండు రాష్ట్రాల్లోనూ శాసనసభ సీట్లు పెంచాలని విభజన చట్టంలో ఉంది, తెలంగాణలో 119ని 153కి, ఆంధ్రలో 175ని 225కి. అది రాబోయే జనగణన అంకెల మీద జరగాలి. ఏ సీటు ఎస్టీకి వెళ్తుందో తేల్చేది ఒక ప్రాంతంలో తెగల శాతం. కూనవరం అబ్బాయి కుటుంబాన్ని ఆ రోజు ఎన్యూమరేటరు ఏ ఊళ్లో, ఏ తలుపు ముందు నిలబడి రాసుకుంటాడన్న దాని మీద ఆ శాతం ఆధారపడి ఉంటుంది.